ఖాళీ అరలో ఒక కట్ట

ఈ మధ్య ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు పిలిస్తే వెళ్ళి, సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే పని గురించి గంటసేపు మాట్లాడి వచ్చాను. చివర్లో ఒక అమ్మాయి లేచి, "మేడమ్, టెస్టింగ్‌లో గ్రోత్ ఉంటుందా?" అని అడిగింది. ఉంటుందమ్మా అన్నాను. ఇన్నేళ్ళ సర్వీసులో నాకొచ్చిన గ్రోత్ అంతా నడుము చుట్టూనే వచ్చిందని చెప్పడానికి మొహమాటం అడ్డొచ్చింది. భవానీపురంలో ఇంటికొచ్చి కాఫీ కలుపుకుంటుంటే, ఆ పిల్లకి అసలు చెప్పవలసింది ఆ మొహమాటం గురించే కదా అనిపించింది. మా వృత్తికి పట్టిన చీడ అది. నన్ను కూడా పట్టింది. దానివల్ల ఒక మనిషికి ఏం జరిగిందో రాయాలని కూర్చున్నాను.

ఇందులో నా ప్రమోషన్ల కథ ఉండదు. వచ్చినవే రెండు. రెండూ నా పైవాళ్ళు వేరే ఉద్యోగాలు చూసుకుని వెళ్ళిపోవడం వల్ల వచ్చినవి.

గుడ్డ కప్పిన కంప్యూటర్లు

తొంభైల్లో నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చిన్న కంప్యూటర్ సంస్థలో చేరాను. దుకాణాలకి సరుకు నిల్వ చూసుకునే ప్రోగ్రాములు రాసి అమ్మేవాళ్ళం. నా పని దుకాణాలకి వెళ్ళి అవి సరిగా నడుస్తున్నాయో లేదో చూడటం. ఆ రోజుల్లో విజయవాడలో ఒక వ్యాపారి కంప్యూటర్ కొన్నాడంటే దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పైన గుడ్డ కప్పేవాడు. చాలామంది దగ్గర దాని జీవితంలో జరిగిన ముఖ్య ఘట్టాలు ఆ నాలుగే.

ఒక మోటారు విడిభాగాల దుకాణానికి ఆరు నెలల పాటు నెలనెలా వెళ్ళాను. "ప్రోగ్రాము ఎలా ఉందండీ?" అంటే, "బ్రహ్మాండంగా ఉందమ్మా, కూర్చో, మజ్జిగ తాగు" అనేవారు యజమాని. నేను కూర్చుని మజ్జిగ తాగి, 'బ్రహ్మాండంగా ఉంది' అని రిపోర్టు రాసేదాన్ని. ఏడో నెల ఎందుకో గుడ్డ ఎత్తి చూశాను. కీబోర్డు మీద కంపెనీ వేసిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. ఆయన్ని అడిగితే ఏమాత్రం తడబడలేదు. "దాని జోలికెళ్తే పాడవుద్దని ముట్టుకోలేదమ్మా. అందుకే అంత బాగుంది" అన్నారు.

ఆ రోజు నేను నేర్చుకోవలసింది చాలా ఉంది. కానీ నేర్చుకున్నది మాత్రం, రిపోర్టు రాసేముందు ప్లగ్గు చూడాలి అన్నంత వరకే.

బాగుందండీ

రెండువేలు దాటాక మా సంస్థ యజమాని ప్రసాదరావు గారికి ఓపెన్ సోర్స్ పూనింది. ఆయన ఏ మీటింగుకి వెళ్ళొస్తే దానికి భక్తుడైపోయేవారు. అంతకుముందు ఏడాది మల్టీమీడియా, ఆ ముందు ఏడాది జపాన్ వాళ్ళ నాణ్యతా విధానం. ఈసారి హైదరాబాద్ నుంచి వస్తూనే, "అరుణ గారూ, ఇక మనం ప్రోగ్రాములు అమ్మం, పంచుతాం" అని ప్రకటించారు.

ఓపెన్ సోర్స్ అంటే, కూర పెట్టి ఊరుకోకుండా దాన్ని వండిన విధానం కూడా రాసి ఇవ్వడం. ఎవరైనా వండుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికి పెట్టొచ్చు. ఇక బీటా అంటే, ఇంకా పొయ్యి మీద ఉండగానే ఉప్పు సరిపోయిందో లేదో మీరే చూసి చెప్పండి అనడం. వాడేవాళ్ళంతా ఒక సముదాయంగా ఏర్పడి తప్పులు చెబుతారు, ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించే ఒక చర్చా జాబితాలో ఆ తప్పులన్నీ నమోదవుతాయి, ప్రోగ్రాము రాసేవాళ్ళు సరిదిద్దుతారు. ఇది పద్ధతి. చాలా గొప్ప పద్ధతి. ఎదుటివాడి తప్పు ఎదుటివాడికే చెప్పే అలవాటున్న దేశాల్లో పుట్టింది.

మేము దాన్ని కృష్ణా జిల్లాకి తెచ్చాం.

విజయవాడలోనూ డెల్టా ఊళ్ళలోనూ తిరిగి ఇరవై ముగ్గురిని చేర్చాను. బట్టల కొట్లు, కిరాణా కొట్లు, పురుగుమందుల కొట్లు, పామర్రు అవతల ఒక నేతపనివాళ్ళ సంఘం. అందరికీ సీడీలు ఇచ్చాం, నేర్పించాం, తప్పులుంటే జాబితాలో రాయమన్నాం. మొదటి నెల వచ్చిన ఉత్తరాలన్నీ నా దగ్గర చాలాకాలం ఉండేవి. 'చాలా బాగున్నది.' 'మీ కృషి అభినందనీయం.' 'మీకూ మీ కుటుంబసభ్యులకూ శుభాకాంక్షలు.' ఒకాయన మా ప్రోగ్రాము మీద ఒక కంద పద్యం రాసి పంపారు. ప్రోగ్రాము గురించి అందులో ఒక్క ముక్క లేదు.

వన్‌టౌన్‌లో వెంకటరత్నం గారని హోల్‌సేలు బట్టల వ్యాపారి ఉండేవారు. మా సముదాయంలో పెద్దదిక్కు. ఆయన కొట్టుకి వెళ్తే ఇడ్లీ తెప్పించి, తినేదాకా ఊరుకునేవారు కాదు. ఒకసారి ఇడ్లీ తింటూ తెర వంక చూస్తే, ప్రోగ్రాము బిగుసుకుపోయి ఉంది.

"ఇది ఎప్పటినుంచి ఇలా ఉందండీ?"

"మొదట్నుంచీ అంతేనమ్మా. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఆగిపోద్ది. ఆపి మళ్ళీ పెడతన్నాం."

"మరి బాగుందని రాశారేంటండీ?"

"ఆడకూతురివి, ఎండలో పడి వస్తన్నావు. పైగా ఊరికే ఇచ్చారాయె. ఊరికే ఇచ్చినదానికి వంక పెడితే ఏం బాగుంటుంది?"

ఈ మాట మీద ఒక పరిశోధనా గ్రంథం రాయొచ్చు. కొన్నవాడు తిడతాడు. ఊరికే తీసుకున్నవాడు మెచ్చుకుంటాడు. తిట్టేవాడి వల్లే సరుకు బాగుపడుతుందని తెలిసీ, మేము ఉచితంగా పంచి, మెచ్చుకోళ్ళ మూటలు కట్టుకుని ఇంటికొచ్చాం.

ఒకే ఒక్క మర్యాద లేని మనిషి

ఇరవై ముగ్గురిలో తప్పులు చెప్పిన మనిషి ఒక్కరే. సుభానీ గారు. నేతపనివాళ్ళ సంఘంలో నూలు గోదాము చూసేవారు. నలభై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. ఇల్లు పామర్రులో. రోజూ సైకిలు మీద సంఘానికి వెళ్ళి, నేతవాళ్ళకి మగ్గం మీదకి కావలసిన నూలు కొలిచి ఇచ్చి, రాసుకుని, సాయంత్రం తాళం వేసి వచ్చేవారు. ఆయన తండ్రి కూడా అదే గోదాములో పనిచేశారట.

ఆయన పామర్రులో ఒక ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళి, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి పంపేవారు. నమస్కారాలు లేవు, శుభాకాంక్షలు లేవు. 'నేరేడు రంగు అని కొడితే నీలం చూపిస్తోంది.' 'ఒక మనిషి పేరు తీసేస్తే ఆయన మగ్గం కూడా పోతోంది.' అంతే. ప్రతి ఉత్తరమూ ఒక తప్పు, దానికి ముందు ఆయనేం చేశారు, తర్వాత ఏం జరిగింది. నేను ఇరవై మందికి మూడు రోజులు పాఠం చెప్పినా రానిది ఆయనకి ఎవరూ చెప్పకుండానే వచ్చింది.

నిజం చెప్పొద్దూ, నాకు ఆయనంటే చిరాగ్గా ఉండేది. ఆయన ఉత్తరం రాగానే, "వచ్చిందండీ పామర్రు తంతి" అనేవారు ప్రసాదరావు గారు. అందరం నవ్వేవాళ్ళం. కంద పద్యం రాసినాయనకి మాత్రం ఆఫీసు గోడ మీద చోటిచ్చాం.

మీ వృత్తిలో ఇలాంటి మనిషి దొరికితే, అతను మాట్లాడే తీరు నచ్చకపోయినా సరే, కళ్ళకద్దుకోండి. నేను ఆ పని చేయలేదు.

ఇరవై రెండు చేతులు

ఒకరోజు సుభానీ గారి నుంచి ఈ ఉత్తరం వచ్చింది: 'గోదాములో బచ్చలిపండు రంగు నూలు మొత్తం ఇచ్చేశాను. అర ఖాళీ. ఖాళీ అని కొట్టగానే ప్రోగ్రాము ఆగిపోయింది. చిలకాకుపచ్చకీ అంతే జరిగింది. మీ ప్రోగ్రాము ఖాళీని చూసి భయపడుతోంది.'

నేను నమ్మలేదు. ఇరవై ముగ్గురు నెలల తరబడి వాడుతున్నారు, ఇంత పెద్ద తప్పు మిగతావాళ్ళకి కనపడదా? ఆఫీసులో కూర్చుని నేనే చేసి చూశాను. నిల్వ సున్నా అని కొట్టగానే తెర నల్లబడింది. ఉన్న సరుకు ఎన్నాళ్ళొస్తుందో ప్రోగ్రాము లెక్క కట్టేది. ఏమీ లేనిది ఎన్నాళ్ళొస్తుంది అనేసరికి దానికి దిక్కు తోచేది కాదు.

మరి మిగతా ఇరవై రెండు మందికి ఎందుకు కనపడలేదు? వెంకటరత్నం గారిని అడిగితే ఆయన నా వంక జాలిగా చూశారు.

"కొట్లో సరుకు ఖాళీ ఎందుకవుద్దమ్మా? ఆఖరి చీర అమ్ముతామా? అది అలా అరలో ఉండాల్సిందే. కొత్త సరుకు బేలు వచ్చి, అందులో దాన్ని కలిపాకే తియ్యటం. మా నాన్నగారి కాలం నుంచీ మా కొట్లో ఏ అరా వట్టిగా లేదు."

కిరాణా కొట్టులోనూ అంతే. బస్తాలో ఆఖరి దోసెడు కందిపప్పు అలా ఉంటుంది. కొత్త బస్తా విప్పి పోసేదాకా దాన్ని ఎవరికీ తూచరు. అసలు అరలే కాదు, పరీక్ష కోసం ఉత్తుత్తి అంకెలు కొట్టమంటే కూడా వీళ్ళలో ఒక్కరు కూడా సున్నా కొట్టలేదు. ఉత్తుత్తికి మాత్రం అశుభం ఎందుకని. ఇరవై రెండు మంది, నెలల పరీక్ష, సున్నా అనే అంకె మీద ఒక్క వేలు పడలేదు.

సుభానీ గారి సంగతి వేరు. నూలు ఆయనది కాదు, అమ్మేది కాదు. మగ్గం ఖాళీగా ఉన్న మనిషి వచ్చి గుమ్మంలో నిలబడితే, అరలో ఒక కట్ట శుభానికి ఉంచుకుని లేదని చెప్పడం ఆయనకి తెలియదు. ఆఖరి కట్ట కూడా ఇచ్చి పంపేవారు.

తప్పు సరిదిద్దడానికి ఒక్క పూట పని. కానీ ప్రసాదరావు గారికి ప్రజాస్వామ్యం కూడా కొత్తగా పట్టింది. "ఇది సముదాయం ప్రోగ్రాము. సముదాయాన్నే అడుగుదాం" అన్నారు. సమావేశం పెట్టాం. సున్నా చూపించాలా, వద్దా? వ్యాపారులంతా ఒక్కమాట మీద నిలబడ్డారు. పొద్దున్నే కొట్టు తెరిచి కంప్యూటర్ పెట్టగానే తెర మీద సున్నా కనిపిస్తే ఆ రోజు బేరమేం సాగుతుంది? కనీసం ఒకటి ఉండాలి. చేతులెత్తమంటే ఇరవై రెండు చేతులు లేచాయి. సుభానీ గారు ఎత్తలేదు. "లేకపోతే లేదని చూపించాలండీ" అని ఒక్కమాట అని కూర్చున్నారు.

ఆ మార్పు ఎలా ఉండాలో రాసి ఇచ్చింది నేను. నిల్వ ఒకటి కంటే తగ్గకూడదు అని రాశాను. మరి ఆఖరిది కూడా ఇచ్చేస్తే? ఇచ్చిన లెక్కలోంచి ఒకటి తగ్గించి రాసుకోమన్నాను ప్రోగ్రాముని. ఎలాగూ ఎవరూ ఆఖరిది ఇవ్వరు కదా అనుకున్నాను. ఇవ్వని ఇరవై రెండు మంది నా కళ్ళ ముందున్నారు. ఇచ్చే ఆ ఒక్క మనిషి కనపడలేదు. సుభానీ గారి ఫిర్యాదు ఎదురుగా 'పరిష్కరించబడింది' అని కొట్టి కాఫీకి వెళ్ళాను.

పదిహేను రోజులకి ఆయన మళ్ళీ రాశారు: 'ఐదు కట్టలు ఇస్తే నాలుగు ఇచ్చినట్టు రాస్తోంది. అరలో ఒకటి ఉందంటోంది. లేదు. ఆ ఒకటి ఎక్కడుందో మీ ప్రోగ్రామునే అడిగి చెప్పండి.'

దానికి జాబితాలో అందరూ చూసేలా నేనిచ్చిన జవాబు ఇది. 'సుభానీ గారికి నమస్కారం. ఇది లోపం కాదు. మన వ్యాపారుల ఆనవాయితీని గౌరవిస్తూ సభ్యులందరి అంగీకారంతో చేసిన ఏర్పాటు. కొత్త పద్ధతికి అలవాటు పడటానికి కొంత సమయం పడుతుంది. దయచేసి సహకరించగలరు.'

చదవడానికి ఎంత మర్యాదగా ఉందో చూడండి.

పుస్తకానికి దండ

ఆ సంఘం అధ్యక్షుడు నాగభూషణం గారు. స్వయంగా నేతపని చేసి పైకొచ్చిన మనిషే గానీ, కంప్యూటర్ వచ్చాక ఆయన నడక మారింది. జిల్లాలో కంప్యూటర్ మీద నూలు ఇచ్చే సంఘం తమదేనని చెప్పుకునేవారు. ప్రసాదరావు గారి సలహా మీద సంఘంలో ఒక కార్యక్రమం పెట్టారు. నూలు రాసే పాత పుస్తకానికి బంతిపూల దండ వేసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. ఫోటో తీశారు. ఇక పుస్తకం లేదు, సంతకాలు లేవు, అన్నీ కంప్యూటర్లోనే; నూలు తీసుకున్నవాళ్ళకి అది అచ్చేసిన కాగితం ఇస్తారు. ఫోటోలో అందరం నవ్వుతున్నాం. సుభానీ గారు బీరువా వంక చూస్తున్నారు.

రెండు నెలలకి తనిఖీ అధికారి వచ్చారు. కొత్త నూలు రావడానికి ముందు రోజులు కావడంతో సగం అరలు ఖాళీ. కంప్యూటర్ చూస్తే ఆ ఖాళీ అరల్లో ప్రతి రంగుకీ ఒక్కో కట్ట ఉంది. గోదాములో చూస్తే లేదు. మొత్తం నలభై చిల్లర కట్టలు తేలలేదు. సుభానీ గారు ఉన్నది ఉన్నట్టు చెప్పారట. "కంప్యూటర్‌కి మీమీద పగా?" అని అడిగారట అధికారి. ఆయన తన కోసం విడిగా రాసుకున్న చీటీలు చూపిస్తే, "మీరు రాసుకున్నవి మీకు అనుకూలంగానే ఉంటాయి కదా" అన్నారట. ఆ సాయంత్రమే తాళాలు తీసేసుకున్నారు.

నేత ఊళ్ళో నూలు దొంగ అనే మాట కంటే పెద్ద తిట్టు లేదు.

మర్నాడు సుభానీ గారు ఆఫీసుకి ఫోన్ చేశారు. ఆయన గొంతు ఎప్పటిలాగే ఉంది.

"మేడమ్, సుభానీనండీ. మీ ప్రోగ్రాములో ఆ ఒకటి ఎక్కడుందని మొన్న అడిగాను కదండీ. అది మా ఇంట్లో ఉందంటన్నారు."

నాకు ఏం జరిగి ఉంటుందో ఆయన చెప్పకముందే అర్థమైంది. "నేను చూస్తానండీ, ఒక్క రోజు టైమివ్వండి" అన్నాను.

ప్రసాదరావు గారి గదిలోకి వెళ్ళి చెప్పాను. ఆయన చెడ్డ మనిషి కాదు. విని, నిజంగానే బాధపడ్డారు. తర్వాత గోడ మీది క్యాలెండరు చూశారు. బీటా ముగిసి అసలు వెర్షన్ విడుదల ఇంకో పది రోజుల్లో ఉంది. బెంజ్ సర్కిల్ దగ్గర హాలు మాట్లాడారు, ముఖ్య అతిథిని పిలిచారు, కార్డులు పంచారు.

"ఇప్పుడు లోపం ఉందని రాస్తే ఫంక్షన్ ఏం కావాలండీ? పది రోజులే కదా. ఆయన ఎక్కడికీ పోరు. అయ్యాక మనమే వెళ్ళి మాట్లాడదాం."

నేను సరేనన్నాను. బలవంతం ఏమీ లేదు. నా ఉద్యోగం పోతుందనే భయం కూడా లేదు. పెద్దాయన, పదిమందిని పిలుచుకున్నారు, ఎలా కాదంటాం అనిపించింది. వెంకటరత్నం గారు నాకు చెప్పలేకపోయినట్టే నేనూ చెప్పలేకపోయాను. తేడా ఏమిటంటే ఆయన మొహమాటం వల్ల ఒక కంప్యూటర్ రోజుకి రెండుసార్లు ఆగింది, అంతే.

ఫంక్షన్ ఘనంగా జరిగింది. దీపం వెలిగించారు, శాలువాలు కప్పారు. ఉత్తమ బీటా సంస్థగా నేతపనివాళ్ళ సంఘాన్ని ఎంపిక చేసింది ముందే కాబట్టి నాగభూషణం గారిని వేదిక మీదకి పిలిచారు. ఆయన శాలువా సర్దుకుని మైకు అందుకున్నారు.

"ఈ కంప్యూటర్ మాకు చేసిన మేలు ఇంతా అంతా కాదండీ. ఎన్నేళ్ళగానో మా గోదాములో ఏం జరగతందో మాకే తెలవదు. పుస్తకం మూసేసి మూడు నెల్లు కాకుండానే దొంగని పట్టిచ్చింది."

హాలంతా చప్పట్లు. ముందు వరసలో కూర్చుని నేనూ కొట్టాను. పక్కవాళ్ళు కొడుతుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఎబ్బెట్టుగా ఉంటుందని కొట్టాను. నా జీవితంలో నేను చేసిన తప్పుల్లో, ప్రోగ్రాములో రాయించిన ఆ ఒకటి రెండో స్థానంలోనే ఉంటుంది. మొదటిది ఈ చప్పట్లు. కిందకి దిగుతుంటే ప్రసాదరావు గారు నా చెవిలో, "దొంగతనాలు కూడా పట్టిస్తుందని కరపత్రంలో వేద్దామా?" అన్నారు. ఆయన హాస్యమాడలేదు. ఆ క్షణంలో ఆయనకి అసలు సంగతి గుర్తు లేదు.

చదివి వినిపించిన ఉత్తరం

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి, చర్చా జాబితాలో సుభానీ గారి ఉత్తరాలూ నా జవాబులూ మొత్తం ప్రింటు తీసి, పామర్రు బస్సెక్కాను. ఎవరికీ చెప్పలేదు. ఓపెన్ సోర్స్‌లో నాకు నచ్చిన గుణం ఒకటుంది. అందరూ చూసేచోట రాసింది ఎవరూ మాయం చేయలేరు. ఆయన ఎప్పుడు ఏం చెప్పారో, నేను ఎప్పుడు ఏం కూశానో, తేదీలతో సహా అలాగే ఉంది. తనిఖీకి రెండు నెలల ముందే దొంగ తన దొంగతనం గురించి పదే పదే ఫిర్యాదు చేశాడన్నమాట.

అందరి ముందూ చెప్పాల్సింది ఉందంటే, సంఘం హాల్లో నాగభూషణం గారు సుభానీ గారితో సహా నేతవాళ్ళందరినీ పిలిపించారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, సోడా తెప్పించారు. సుభానీ గారు గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆయన మొహం చూసి మాట్లాడటం ఎలాగో తెలియక, అందరికీ వినపడేలా సూటిగా చెప్పేశాను. తప్పు ప్రోగ్రాముది, ప్రోగ్రాములో పెట్టించింది నేను, ఈయన ముందే చెప్పారు, నేను వినలేదు.

నాగభూషణం గారు నమ్మలేదు. కాగితాలు తీసుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివారు. సుభానీ గారి రెండు ఉత్తరాలు అయ్యాక నా జవాబు వచ్చింది. "కొత్త పద్ధతికి అలవాటు పడటానికి కొంత సమయం పడుతుంది. దయచేసి సహకరించగలరు." నా మాటలు నాకు అంత అసహ్యంగా ఎప్పుడూ వినపడలేదు.

వెనక నుంచి మంగమ్మ అనే ముసలామె లేచింది. ఆ ఊళ్ళో అందరికంటే పాత మగ్గం ఆమెది.

"లేదు అని రాయటానికి మీ మిషనుకి నోరు రాలేదా తల్లీ?"

అని ఆమె కూర్చోలేదు. కొంగు నలుపుకుంటూ, "నేను ఐదు కట్టలు తీసుకున్నా. కాయితంలో నాలుగు పడింది. చూశా. ఊరుకున్నా" అంది.

ఇది నాకు తెలియని సంగతి. ఎన్ని కట్టలు తీసుకుంటే దానికి సరిపడా బట్ట నేసి సంఘానికి ఇవ్వాలి. ఒక కట్ట తక్కువ పడితే ఆ నూలు నేతవాళ్ళకి మిగిలిపోయినట్టే. ఆఖరి కట్ట అందుకున్న ప్రతి మనిషికీ, తను ఎన్ని తీసుకున్నాడో, కాగితంలో ఎన్ని పడ్డాయో తెలుసు. సుభానీ గారి తాళాలు తీసుకున్న రోజునా తెలుసు. నలభై కట్టలూ ఆ హాల్లో కూర్చున్నవాళ్ళ ఇళ్ళలోనే చీరలైపోయాయి. అంతకు రెండు రోజుల ముందు సంఘం మనుషులు నలుగురు సుభానీ గారి ఇంటికి వెళ్ళి, మంచాల కింద, బియ్యం డబ్బాల వెనక వెతికి వచ్చారట. నేను ఫంక్షన్ కోసం ఆగిన రోజుల్లో అన్నమాట. ఆ నలుగురిలో ఇద్దరు, మంగమ్మ తర్వాత చేతులెత్తిన వాళ్ళలో ఉన్నారు.

ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. నేను లెక్కపెట్టలేదు. నాగభూషణం గారు బీరువా తాళం తీసి, ఎండిపోయిన దండతో ఉన్న పాత పుస్తకం బయటికి లాగి, గోదాము తాళాలతో పాటు సుభానీ గారి చేతికిచ్చారు. సుభానీ గారు దండ తీసి కిటికీలో పెట్టి, పుస్తకం తెరిచి, పెన్ను అడిగారు. ఎవరి పేరున ఏ కట్ట అని రాసుకోవడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత

ప్రోగ్రాములో సున్నాని సున్నాగా చూపించడానికి పట్టిన సమయం అరపూట. వ్యాపారులకి కావాలంటే ఒకటి చూపించుకునే వీలు విడిగా పెట్టాం, కానీ ఇచ్చినదాన్ని తగ్గించి రాసే వీలు తీసేశాం. ప్రసాదరావు గారు నన్నేమీ అనలేదు. మరుసటి ఏడాదికి ఆయనకి ఇంకేదో పూనింది.

మీరు ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి చెబుతున్నాను. పరీక్షించేది ప్రోగ్రామునని మీకు చెబుతారు. నమ్మకండి. మీరు పరీక్షించేది మనుషుల్ని. ఏ అంకె కొట్టడానికి వాళ్ళ చెయ్యి రాదో, ఏ మాట చెప్పడానికి వాళ్ళ నోరు రాదో అక్కడే తప్పు దాక్కుంటుంది. పదిమంది బాగుందన్నారంటే పదిమంది మీకు మజ్జిగ ఇచ్చారనే అర్థం. ఫిర్యాదు మూసేముందు ఫిర్యాదు చేసిన మనిషితో ఒకసారి మాట్లాడండి. నేను ఆ ఒక్క ఫోను చేసి ఉంటే చాలు.

ఆ ఏడాది చివర్లో కొత్త వెర్షన్ పెట్టడానికి సంఘానికి మళ్ళీ వెళ్ళాను. మధ్యాహ్నమంతా సుభానీ గారి పక్కన కూర్చుని పనిచేశాను. తప్పులు చెప్పమన్నాను. మూడు చెప్పారు, ఎప్పటిలాగే, నమస్కారాలు లేకుండా. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈయనకి ఏమీ కాలేదు, మామూలు మనిషయ్యారు అనుకున్నాను.

సాయంత్రం ఆయన గోదాముకి తాళం వేశారు. ఇద్దరం కలిసి గేటు దగ్గరికి వచ్చాం. వాచ్‌మన్ స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. సుభానీ గారు సైకిలు స్టాండు వేసి, హ్యాండిలుకి ఉన్న సంచి తీసి, రెండు చేతులతో దాని నోరు విప్పి అతని ముందు పట్టుకున్నారు. లోపల టిఫిను డబ్బా, ఒక తువ్వాలు.

"మిమ్మల్ని సోదా చేయమని ఎవరైనా అన్నారా?" అన్నాను.

"లేదండీ. అనరు. చాలా మర్యాదస్తులండీ ఇక్కడ" అన్నారు.

వాచ్‌మన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ఎందుకు సార్ రోజూ, వెళ్ళండి" అన్నాడు నేలకేసి చూస్తూ. సుభానీ గారు కదల్లేదు. అతను తల తిప్పి సంచిలోకి చూసేదాకా అలా పట్టుకునే నిలబడ్డారు.